దుప్పటి రెండో కొస

నేను అక్షరాలు ముసలితనంలో దిద్దుకున్నాను. ఒత్తులు ఎక్కడైనా తప్పితే మీరే సర్దుకుని చదవండి. ఒక్కో పంక్తికి ఒక్కో పూట పట్టింది. నోటితో చెప్పమంటే గంటలో తేల్చేసేదాన్ని.

ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీలో ఆమెను అందరూ ప్రార్థనక్క అనేవారు. మధ్యాహ్నం యంత్రాలు ఆపాక ఆడవాళ్లంతా మడతబల్ల చుట్టూ చేరేవారు. ఒకరి పిల్లకు జ్వరం, ఒకరి మొగుడికి పని పోయింది, ఇంకొకరికి అత్తతో పేచీ. ప్రార్థనక్క కళ్లు మూసుకుంటే చాలు, మాటలు ఊట ఊరినట్టు వచ్చేవి. అడగడం ఆమె వంతు, ఆమెన్ అనడం మిగతావాళ్ల వంతు. ఏళ్ల తరబడి అదే వాడుక.

ఆమె భర్త సంఘంలో పాటల మేస్త్రి. ప్రార్థన ముగియగానే హార్మోనియం చెక్క మీద వేళ్లతో రెండు దెబ్బలు కొట్టేవాడు. అదే ఆయన ఆమెన్. ఆ వెంటనే పాట ఎత్తుకునేవాడు. వానలు మొదలైన రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆయన గొంతు తిరిగి ఇమ్మని ఆమె ఉపవాసాలుండి అడిగింది. వానలు వెనకబట్టాయి. చలి వచ్చింది, పోయింది. ఎండలు ముదిరాయి. ఆయన నోట గరగర తప్ప మరేమీ రాలేదు.

మొదట్లో ఆమెది ఎదురుచూపు. తర్వాత అది అలక అయింది. చివరికి అలక కూడా ఎండిపోయింది. రోజూ భోజనమయ్యాక ఆయన మంచం పక్కన కూర్చుని చేసే ప్రార్థన మానేసింది. వినేవాడు లేడేమోనన్న భయం ఒకటి, ఆ అనుమానం తన గొంతులో ఆయనకు పట్టుబడిపోతుందన్న భయం ఇంకొకటి. ఆమె ఎంగిలిపళ్లెం తీయగానే ఆయన ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టేవాడు. దాహమనుకుని నీళ్లు పట్టేది. ఆయన పెదాలు బిగించి గోడవైపు తిరిగేవాడు.

"నీళ్లూ వద్దంటే ఇంకేం కావాలయ్యా నీకు?" అని విసుక్కునేది. తర్వాత వంటగదిలోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

అలాంటి రోజుల్లో లాండ్రీలో ఇస్త్రీ చేసే పిన్ని కూతురికి ఆపరేషన్ పడింది. పిన్ని కళ్లు ఒత్తుకుంటూ బల్ల దగ్గరకు వచ్చింది. ప్రార్థనక్క కళ్లు మూసుకుని "ప్రభువా" అంది. ఆపైన ఒక్క మాట పెగల్లేదు. ఎంతసేపు తడుముకున్నా లోపల ఏమీ చేతికి తగల్లేదు. అలాగే నిలబడిపోయింది.

కళ్లు తెరిచేసరికి అందరి చెంపలూ తడిసి ఉన్నాయి.

"ఒళ్లు జలదరించిందే తల్లీ" అంది పిన్ని. "మాటలతో పనిలేని మెట్టు ఎక్కింది మన ప్రార్థనక్క."

పిన్ని కూతురు కోలుకుంది. దాంతో ఆ మౌనానికి పేరొచ్చింది. బల్ల దగ్గర ఇక ఎవరూ పెదవి కదిపేవారు కారు. కొత్తగా చేరినవాళ్లకు కూడా అదే నేర్పారు. వాళ్లు మెచ్చుకునేకొద్దీ ప్రార్థనక్కకు ముళ్ల మీద నిలబడ్డట్టుండేది. ఉన్నది చెబితే వాళ్ల నమ్మకం కూలిపోతుంది. చెప్పకపోతే తాను రోజూ దేవుడి పేరు మీద అబద్ధమాడినట్టే.

పెద్ద దుప్పట్లు మడవడానికి ఇద్దరుండాలి. చెరో కొస పట్టుకుని లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి అంచులు కలపాలి. ఒకరు వదిలితే దుప్పటి నేలపాలు, అప్పుడు మళ్లీ ఉతకాల్సిందే. ప్రార్థనక్కకు జోడీ వాగుడుకాయ. పేరుకు తగ్గ మనిషి.

"ఏమక్కా, ఈమధ్య మీ ఇద్దరికీ మాటల్లేవా, నీకూ దేవుడికీ?" అంది వాగుడుకాయ ఒక ఉదయం. "నేనైతే కాసేపు నోరు మూసుకుంటే దవడలు లాగేస్తాయి."

"పని చూడవే."

"పనే చూస్తున్నా. నిన్న మీరంతా కళ్లు మూసుకుంటే నేను తెరిచి చూశాలే. నీది ప్రార్థన చేసుకునే మొహం కాదక్కా. ఆఖరి బస్సు తప్పిపోయిన మొహం."

ప్రార్థనక్క చేతిలో కొస జారిపోయింది. దుప్పటి నేలమీద పడింది.

"అది ప్రార్థనే కాదే. నాకు రావట్లేదు. లోపలంతా ఖాళీ. మీరేదో అనుకుంటుంటే నేను ఊరుకున్నాను."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

వాగుడుకాయకు నోట మాట రాలేదు. అది ఆ లాండ్రీలో ఎవరూ ఎరగని వింత. ఇస్త్రీ దగ్గరున్న పిన్ని మాత్రం అంతా విన్నది.

"నా కూతురు కత్తి కింద ఉంటే నువ్వు ఉత్తినే నిలబడ్డావా?"

"ఉత్తినే నిలబడ్డాను పిన్నీ."

పిన్ని ఇటు తిరిగి చూడలేదు. ఇస్త్రీపెట్టె బల్ల మీద దభీమని దించింది.

వాగుడుకాయ కిందపడిన దుప్పటిని ఉతికే బుట్టలో వేసి, ఇంకొకటి తీసింది. "ఆ కొస పట్టుకో" అని, దుప్పటి దులుపుతూనే మొదలుపెట్టింది. "దేవుడా, నాకు ప్రార్థన రాదు, నీకు తెలుసు. ఈవిడ ఇన్నేళ్లు మా అందరి గోలా నీదాకా మోసింది. ఇప్పుడు ఈవిడకే నోరు పెగలట్లేదు. బావకు మాట ఎందుకివ్వలేదో నాకు తెలీదు. నాకైతే నీమీద కోపంగానే ఉంది. ఈవిణ్ణి మాత్రం వదిలెయ్యకు. అంతే."

ఇద్దరూ ఎదురెదురుగా నడిచారు. అంచులు కలిశాయి. వాగుడుకాయ కొస వదలకుండా అలాగే నిలబడింది, ఏదో తక్కువైనట్టు.

"ఆమెన్" అంది ప్రార్థనక్క. ఎన్నో ఏళ్లుగా తాను వినడమే తప్ప అనని మాట. అనడం ఇంత బరువుగా ఉంటుందని ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రం భోజనమయ్యాక ఆయన పట్టె మీద కొట్టాడు. నీళ్లగ్లాసు అందుకోబోయిన ఆమె చెయ్యి ఆగింది. రెండు దెబ్బలు. కాస్త ఆగి, మళ్లీ రెండు. ఉదయం దుప్పటి కొస పట్టుకుని నిలబడిపోయిన వాగుడుకాయ గుర్తొచ్చింది. ఈయన ఇన్నాళ్లూ ఆమెన్ చేతిలో పట్టుకుని తన ప్రార్థన కోసం కాచుకుని ఉన్నాడు. తాను నీళ్లు పట్టింది.

గ్లాసు పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది.

"నాకు రావట్లేదయ్యా" అంది. "చాలా రోజులైంది."

ఆయన ఆమెవైపే చూశాడు. గోడవైపు తిరగలేదు.

"దేవుడా, నాకు ప్రార్థన రావట్లేదు, నీకు తెలుసు" అని వాగుడుకాయ మాటలే అరువు తెచ్చుకుంది. "ఈయనకు మాట ఎందుకివ్వలేదో నాకు తెలీదు. కోపంగా ఉంది. మమ్మల్ని వదిలెయ్యకు."

పట్టె మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ఆయనకు మాట రాలేదు, పోయేదాకా రాలేదు. ఆమెకు కొన్నాళ్లు మాటలు దొరికేవి, కొన్నాళ్లు దొరికేవి కావు. దొరకని రోజున బల్ల దగ్గర ఇంకొకరు అడిగితే ఆమె గట్టిగా ఆమెన్ అనేది. పిన్ని చాలాకాలం పలకలేదు. ఒకరోజు నేను సెలవు పెడితే, తనే వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుందట. ప్రార్థన ఊసు మాత్రం ఎత్తలేదట.

ఇట్లు,
వాగుడుకాయ. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, వెనక గదిలో.