చేతికి కట్టిన ఆడపడుచు

మా నర్సింగ్ కాలేజీలో చేతికి కట్టే ఎలక్ట్రానిక్ పట్టీకి మేం పెట్టుకున్న పేరు ఆడపడుచు. మణికట్టును అంటిపెట్టుకుని, మా సంగతులన్నీ మాకు పాఠాలు చెప్పే మేడమ్ ఫోనుకు చాడీలు మోస్తుంది. చెయ్యి కాసేపు కదలకపోతే చాలు, 'పనిలో లేరు' అని కుయ్యిమంటుంది. మూడుసార్లు మోగితే ఏడాది పోయినట్టే. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఇది పూర్తి మొగుడే.

దుప్పటి పరిచినా, బల్ల తుడిచినా దానికి ఆనందమే. నాడి చూస్తేనే మంట. రోగి మణికట్టు మీద వేళ్లుంచి నిమిషంపాటు కదలకుండా లెక్కపెట్టమంటుంది పుస్తకం. కదలకపోతే సోమరివంటుంది ఇది. అందుకని మావాళ్లు ఒక విద్య కనిపెట్టారు. చెయ్యి ఇలా తాకించి అలా తీసి "డెబ్బై రెండు" అనేయడం! మా వార్డులో కుర్రాడికీ డెబ్బై రెండే, కాటికి కాళ్లు చాపుకున్న ముసలాయనకీ డెబ్బై రెండే. నాకా విద్య ఒంటబట్టక రెండుసార్లు మోగించుకున్నాను.

"నా దగ్గర ఏడవకు. చెయ్యి ఆడించడం నేర్చుకో" అన్నారు మేడమ్. అప్పట్నుంచి ఆవిడంటే నాకు ఒళ్లుమంట.

ప్రాక్టికల్ పరీక్ష రోజున వార్డు మధ్యలో ఆవిడే కళ్లు తిరిగి పడిపోయారు. ఖాళీ మంచం మీద పడుకోబెట్టాం. క్లాసు ఫస్టు వచ్చే పిల్ల పరుగున వచ్చి మణికట్టు ముట్టుకుని, "డెబ్బై రెండు మేడమ్!" అంది. దాని వెనకున్నదీ అదే పాట పాడింది.

"సరిగ్గా చూడండే!" మేడమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు తిరిగారు. "నువ్వు చూడమ్మా."

ఎన్నడూ లేని 'అమ్మా' అది. నేనూ డెబ్బై రెండంటే పోయేది. అనాలన్నంత కసిగానూ ఉంది. మూడోసారి మోగితే నా చదువు నీళ్లపాలు. కానీ వేళ్లు పెట్టాక నాడి తేడాగా తగిలింది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగిపోతోంది, మళ్లీ ఎప్పటికో అందుకుంటోంది. ఆడపడుచు కుయ్యిమంది. చెయ్యి తియ్యలేదు. లెక్క పూర్తిచేసి, "నలభై కూడా లేదు, మధ్యలో తప్పుతోంది! డాక్టర్ని పిలవండి!" అని అరిచాను.

కొన్నాళ్లకు ఆవిడ కోలుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. నేను ఫెయిలు. పట్టీ తిరిగిచ్చేయమని కబురొస్తే వెళ్లాను.

"మూడోసారి మోగిందంటే అది నేరుగా పైవాళ్లకి వెళ్లిపోతుంది. నా చేతుల్లో ఏముందమ్మా?" అన్నారు.

పట్టీ విప్పి ఆవిడ కుడిచేతికే కట్టేశాను.

"ఏంటిది?"

"రోజూ నాడి చూసుకోమన్నారటగా డాక్టరు. చూసుకోండి మేడమ్. కదలకుండా."

నాడి మాటెత్తితే ఆవిడకిప్పుడు ప్రాణభయం. ఎడమ మణికట్టు మీద వేళ్లుంచి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టసాగారు. సగంలో ఆడపడుచు కుయ్యిమంది. బల్లమీది ఫోన్లో నా పేరు, పక్కనే 'పనిలో లేరు'.

ఆవిడ లెక్క తప్పారు. నా వైపు చూడకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.