చెవుల్లో దూది

తెల్లవారుజామున కాలవ గట్టు మీద నీళ్ల వాసన గుప్పుమందట. ఆ వెనకే ఏడుపట.

ఉల్లిపాయల షెడ్డుకి పనికెళుతూ పక్కింటి ఓఫేలియా చూసిందట. తెల్ల గౌను. విరబోసుకున్న జుట్టు. రొమ్ముల మీద గౌనంతా తడి — అప్పుడే నీళ్లలోంచి లేచినట్టు.

"యొరోనాయే వదినా! ఈ కళ్లతో చూశాను. కన్నబిడ్డల్ని కాలవలో తోసిన దయ్యం ఊరికే తిరుగుతుందా? నీ ఇంట్లో పసిగుడ్డుంది మరి!"

వంటింట్లో అత్త ఎవులాలియా కాఫీ కప్పు ఠక్కున దించిన చప్పుడు.

గదిలో మారిసెలా వింటోంది. చెవుల్లోని దూదిలోంచి వింటోంది.

ఇరవై ఏడో రోజు.

నలభై రోజులు గడప దాటకూడదు. తల తడపకూడదు. చన్నీళ్లు ముట్టకూడదు. చెవిలో గాలి దూరకూడదు. పొత్తికడుపు చుట్టూ అత్త బిగించి కట్టిన గుడ్డ... బిడ్డ బయటికొచ్చింది. తల్లి లోపలే ఉండిపోయింది.

మొక్కజొన్న జావ. కోడి పులుసు. మళ్లీ జావ.

మొగుడు రుబేన్ మిషిగన్‌లో చెర్రీపళ్లు కోస్తున్నాడు. ఫోన్ చేస్తే ఒకటే మాట — "అమ్మ చెప్పినట్టు విను."

అత్త చెడ్డదా అంటే కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే మారిసెలా కసితీరా తిట్టుకునేది.

ఉన్నది ఒక్క కిటికీ. కిటికీకి అవతల కాలవ. కాలవ మీంచి నీళ్ల వాసన...

ఈ తెల్లవారుజామున ఆ కిటికీ దూకింది మారిసెలా. కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. అంతే. బిడ్డ పాలకు లేచేసరికి మంచం మీదుంది.

ఆ తడి నీళ్లది కాదు. పాలది.

మరి ఏడుపు?

తను ఏడవలేదే... దూది పెట్టిన చెవులకు తన ఏడుపు తనకే వినపడలేదేమో.

చెక్క పట్టుకుని ఓఫేలియా, సుత్తీ మేకులూ పట్టుకుని అత్త గదిలోకి వచ్చారు. దిష్టి తగలకుండా బిడ్డ ముంజేతికి కట్టిన ఎర్రదారాన్ని అత్త ఒకసారి సవరించింది.

"ఇంకెంత, పదమూడు రోజులే తల్లీ. ఈ కిటికీ మూసేస్తే నీకూ దిగుల్లేదు, నాకూ లేదు."

మొదటి మేకు. గదిలో వెలుగు సగమైంది.

నిజం చెబితే — పచ్చి బాలింత, బిడ్డనొదిలి నీళ్ల దగ్గరికి పోయిందంటారు. బిడ్డని ఇక చేతికివ్వరు.

చెప్పకపోతే — కిటికీ పోతుంది.

రెండో మేకు.

మారిసెలా దూది పీకి పారేసింది. గౌను ముందువైపు చారలు కట్టిన తడిని వెలుతురులోకి లాగి చూపించింది.

"ఇవి పాలు అత్తయ్యా. గట్టు మీద ఏడ్చింది నేను. మీరు యొరోనాని లోపల పెట్టి మేకులు కొడుతున్నారు."

ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉంది.

చెక్క సందులోంచి నీళ్ల వాసన...