అమ్మో మేస్త్రి

మేస్త్రి చిన్న మేకులు గుప్పెడు నోట్లో వేసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చుకుంటూ, బోర్లా పడుకోబెట్టిన కుర్చీ అడుగున నల్లగుడ్డ కొడుతున్నాడు. కుట్టుమిషను దగ్గర కూర్చున్న భార్య దారం ఎక్కించడం మాని ఆ నోటివంకే చూస్తోంది.

సోఫాలు, కుర్చీలు కట్టేవాళ్లందరూ చేసే పనే అది. ఒక చేత్తో గుడ్డ బిగలాగి పట్టుకోవాలి, రెండో చేతిలో సుత్తి ఉంటుంది, మేకు అందించడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు కనక నోరే దిక్కు. కానీ ఈ మేస్త్రి పని నేర్చుకున్న నాటినుంచీ మొన్న మొన్నటిదాకా మేకు నోట పెట్టి ఎరగడు. మింగేస్తానేమోనని భయం. డబ్బామూతలో మేకులు పోసుకుని, గుడ్డని మోచేత్తో అదిమిపట్టి, వంగి ఒక్కొక్కటీ ఏరుకుంటూ కొట్టేవాడు. పని నేర్పినాయన తిట్టి చూశాడు, బతిమాలి చూశాడు, చివరికి నీ ఖర్మ పొమ్మని వదిలేశాడు.

మేస్త్రికి దేనికి భయం లేదో చెప్పాలంటే ఆలోచించి చెప్పాలి. బల్లి అంటే భయం. ఉరుమంటే భయం. కుక్క సరే, పిల్లి అడ్డంగా పడుకుని ఉన్నా వీధి చుట్టి వచ్చేవాడు. ఫోను మోగితే భయం, చాలాసేపు మోగకపోతే ఏమైందోనని ఇంకో భయం. లిఫ్టు సంగతి చెప్పనక్కర్లేదు. ఏది ఎదురైనా ముందు ‘అమ్మో’ అనేవాడు, తరవాతే అదేమిటో చూసేవాడు. వీధి వీధంతా ఆయన్ని అమ్మో మేస్త్రి అనే పిలిచేది. కొత్తగా కాపురాలకొచ్చినవాళ్లు అది ఇంటిపేరేమో అనుకునేవారు.

అందుకే కొట్లో పాత సామాను విప్పే పని మొదటినుంచీ భార్యది. పాత సోఫా కడుపు చీరితే ఏముంటుందో ఎవరికి తెలుసు? దువ్వెనలు, చిల్లర డబ్బులు, చెవిదుద్దులు, ఎవరి పిల్లాడిదో పాలపన్ను. ఒకసారి ఎలుక గూడు ఉంది. తల్లి ఎలుక బయటికి దూకేసరికి మేస్త్రి గుడ్డ కత్తిరించే బల్ల మీదికెక్కి, బజారుకెళ్లిన భార్య తిరిగొచ్చేదాకా కత్తెర పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. గిరాకీలతో మాట్లాడటం, ధర చెప్పడం, కట్టిన సామాను ఇళ్లకు తీసుకెళ్లి దింపి రావడం అన్నీ ఆవిడే. ఆయన పని తలుపు లోపలే.

పెళ్లైన కొత్తలో ఆమెకి తలకొట్టేసినట్టుండేది. తరవాత అలవాటైంది. ఇంకొన్నాళ్లకి హాయిగానే అనిపించింది. ఇంటిల్లిపాది పడాల్సిన భయమంతా ఆయనొక్కడే పడుతుంటే, ఆమెకీ కూతురికీ భయపడే అవసరమే లేకుండా పోయింది.

అలాంటి మనిషి ఎండాకాలం మొదట్లో చిక్కిపోవడం మొదలుపెట్టాడు. పంట్లాం నడుం దగ్గర ఆమే మళ్లీ మళ్లీ కుట్టి బిగించింది. కుడిపక్క డొక్కలో ఏదో బరువుగా ఉందన్నాడు. ఆస్పత్రికి రమ్మంటే ‘అమ్మో’ అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్లింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. కళ్లకింద నల్లటి చారలతో, రాత్రంతా నిద్రలేనివాడిలా ఉన్నాడు. వెలుగుతున్న పలకకి ఫిల్ము తగిలించి వేలితో చూపించాడు.

“లివరుకి క్యాన్సరమ్మా. గడ్డ పెద్దది. ఆపరేషను చేసి తియ్యగలిగే చోట లేదు. మందులతో కొన్నాళ్లు నెమ్మదిగా ఉండేలా చూడొచ్చు, నయం చెయ్యలేం.”

“ఆయన తాగరండీ,” అంది ఆమె. ఇంకేమీ తోచలేదు. “దగ్గుమందు పోసినా నిద్రొస్తుందేమోనని భయం.”

“తాగనక్కర్లేదమ్మా. ఎప్పుడో రక్తంలో చేరిన కామెర్ల వైరస్సు. ఏళ్లతరబడి లోపల్లోపలే ఉండిపోయింది.”

“మరి ఇన్నేళ్లూ తెలియలేదేంటండీ?” అని అడిగాడు మేస్త్రి.

“లివరు అంతేనండీ. గుండైతే దడదడలాడి చెబుతుంది, పొట్టైతే గోలపెడుతుంది. ఇది సగానికి పైగా పాడైనా మిగిలిన ముక్కతో పని లాక్కొస్తుంది. తిన్నది ఒంటికి పట్టించేదీ అదే, విషం విరిచేదీ అదే, రక్తం గడ్డకట్టేలా చూసేదీ అదే.”

మేస్త్రి ఫిల్ము దగ్గరికి జరిగి, కొత్తరకం గుడ్డ నేత చూసినట్టు చూశాడు. తరవాత చొక్కా మీదనుంచే డొక్కని అరచేత్తో నిమురుకున్నాడు. “ఇంత పని చేస్తోందా,” అన్నాడు. “ఒక్కనాడూ చెప్పలేదు పాపం.”

ఆమె లేవబోయింది. ఏ మనిషినైనా నోటితో కొట్టి పంపగల మనిషి, కుర్చీలో మళ్లీ కూలబడింది. మేస్త్రే ఆమె మోచేయి కింద చెయ్యివేసి లేవదీశాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి, “డాక్టరుగారూ, మీరు పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నారా?” అని అడిగాడు.

డాక్టరు ఫిల్ము తీస్తూ ఆగాడు. “లేదండీ.”

“తినండి. జనం వస్తూనే ఉంటారు.”

ఇంటికొచ్చే బస్సులో ఆమె కిటికీవైపు మొహం తిప్పుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నది ఎవరో కొత్తమనిషిలా అనిపించింది. ఆగలేక అడిగేసింది.

“భయం వెయ్యట్లేదా మీకు?”

“వేస్తోంది.”

“మరి?”

బస్సు రెండుచోట్ల ఆగి కదిలింది. “ఇన్నాళ్లూ ఎటునుంచొస్తుందో తెలిసేది కాదే,” అన్నాడు. “అందుకని అన్నివైపులా చూసుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది కదా. అటొక్కవైపు చూస్తే సరిపోతుంది. మెడకి ఎంత సుఖంగా ఉందో.”

ఆ రోజునుంచీ ఆమె ఆయన్ని చూడటమే పనిగా పెట్టుకుంది. నెత్తురు తీసేచోట ఆయన చెయ్యి చాపి పక్కవాళ్లతో కబుర్లు చెప్పాడు. వాన చినుకులు పడుతుంటే, ఉరుముతుండగానే, గుమ్మంలో నిలబడి ఆకాశంలోకి చూశాడు. ఒకనాడు ఆమె వచ్చేసరికి పాత సోఫా తనే విప్పి, లోపల దొరికినవన్నీ కాగితం మీద వరసగా పేర్చి, “ఎన్నున్నాయో చూడు,” అన్నాడు. బల్లి గోడమీదే ఉంది, ఆయన పట్టించుకోలేదు. మేకులు నోట పెట్టడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. తాగుడువల్లే వచ్చి ఉంటుందని ఎవరో అన్నారని ఆమె వీధిలోకి దూకబోతే, “అనుకోనీ. తాగినోణ్ణని ఓ పేరుంటే దర్జాగానే ఉంటుంది,” అని నవ్వాడు.

ఆయన వదిలేసిన భయాలన్నీ ఆమె దగ్గరికి వచ్చి చేరాయి. ఇప్పుడు ఫోను మోగితే ఆమె ఉలిక్కిపడుతోంది. మోగేది ఎక్కువగా కూతురి ఫోనే. నాలుగు వీధుల అవతల కాపురం ఉంటున్న ఆ పిల్ల ఎక్కడెక్కడో చదివి, నాన్నకి అది పెట్టు, ఇది పెట్టకు అని రోజుకో మాట చెప్పేది. ఆమె అన్నీ చేసేది. ఆయన రెండు ముద్దలు తిని బాగుందనేవాడు. ఈమధ్య కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, కాళ్లకి నీరు పట్టి చెప్పులు పట్టడం లేదు. ఇక ఏ రోజైనా కావచ్చని డాక్టరు ఆమెతో విడిగా చెప్పాడు. ఆయనతో కూడా విడిగా చెప్పాడని ఆమెకు తరవాత తెలిసింది.

మేస్త్రి ఆఖరి మేకు కొట్టి సుత్తి కింద పెట్టాడు. ఇద్దరూ కలిసి కుర్చీని నిలబెట్టారు. ఎత్తైన వీపు, వెడల్పాటి చేతులు, ముదురాకుపచ్చ గుడ్డ. ఆయన చేతి అంచుతో కూర్చునే చోట ఒకసారి తట్టి, ఏ మూల స్ప్రింగు ఎలా పలుకుతోందో విన్నాడు.

సామాను మోసే బండాయన వచ్చి తోపుడుబండి గుమ్మం ముందు ఆపాడు. కుర్చీ వెళ్లాల్సింది వీధి చివరి మేడలో పదకొండో అంతస్తుకి.

“నేనూ వస్తా,” అన్నాడు మేస్త్రి.

“ఎక్కడికి?” అంది ఆమె.

“పైకి. మనం కట్టినవన్నీ ఎక్కడికెళ్లి కూర్చుంటాయో నేనెప్పుడూ చూడలేదు.”

“లిఫ్టులో ఎక్కాలండీ.”

“మరి మెట్లెక్కగలనా ఈ కాళ్లతో?”

“అసలు మేడదాకా ఎలా నడుస్తారు?”

బండాయన తల గోక్కున్నాడు. “నడవడం దేనికమ్మా. కుర్చీ ఎలాగూ బండెక్కాలి. మేస్త్రిగారు కుర్చీ ఎక్కితే సరి. ఉత్త కుర్చీకంటే మనిషున్న కుర్చీయే కుదురుగా ఉంటుంది.”

అలా మేస్త్రి ముదురాకుపచ్చ కుర్చీలో కూర్చుని వీధిలో బయల్దేరాడు. బండాయన వెనకనుంచి తోస్తుంటే, ఆమె పక్కన నడుస్తూ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మంగలికొట్టులో సగం గడ్డం గీయించుకున్న మనిషి బయటికొచ్చి చూశాడు. మందులషాపు అతను లేచి నిలబడ్డాడు. “ఎక్కడికి మేస్త్రీ, పట్టాభిషేకానికా?” అన్నారెవరో. “నాసిరకం అయితే విరగాలి కదా, చూస్తున్నా,” అన్నాడు మేస్త్రి. జనం నవ్వారు. తరవాత ఆ పచ్చటి కళ్లు చూసి నవ్వు తగ్గించి దారిచ్చారు. ఆయన మాత్రం ఇన్నేళ్లూ తలుపు లోపలే ఉండి సరిగా చూడని వీధిని అటూ ఇటూ తీరిగ్గా చూసుకుంటూ వెళ్లాడు.

బండి దింపిన కుర్చీ, మేస్త్రితో సహా, లిఫ్టులో పట్టాక ఆమెకి నిలబడే చోటు మాత్రమే మిగిలింది. బండాయన మెట్లెక్కి వస్తానన్నాడు. తలుపులు మూసుకున్నాయి. నేల ఒక్క కుదుపు కుదిపింది. ఆమె కళ్లు మూసుకుంది. ఆమె చేతిమీద ఆయన చెయ్యి పడింది. “లేస్తోందే,” అన్నాడు ఆయన మెల్లిగా, చిన్నపిల్లాడికి చెబుతున్నట్టు. “మనం లేస్తున్నాం.”

పదకొండో అంతస్తులో ఆమె కుర్చీని గుమ్మందాకా నెట్టింది. అక్కడ ఒంటరిగా ఉంటున్న ముసలావిడ తలుపు తీసి, తన కుర్చీ అప్పటికే ఒక మనిషితో సహా రావడం చూసి రెండో రెక్క కూడా తెరిచింది. “మీరు చెప్పినచోట నొక్కు సరిచేశానండీ,” అన్నాడు మేస్త్రి లేవబోతూ. “దారంతా కూర్చుని చూసుకున్నా. బాగుంది.” ఆవిడ లేవొద్దంది. కుర్చీ వేసే చోటు వరండాయేనని చెప్పి, ఆయాసపడుతూ వచ్చిన బండాయన చేత అలాగే తోయించింది.

వరండా అంచున ఇనుప కమ్ములు. వాటి అవతల ఏమీ లేదు. ఆమె గోడనానుకుని అక్కడే ఆగిపోయింది. మేస్త్రి కుర్చీలోంచి ముందుకి వంగాడు.

కింద వాళ్ల వీధి కుట్టు వేసినంత సన్నంగా ఉంది. దాన్ని కలుపుకుని ఇంకో వీధి, ఇంకొకటి. ఆరేసిన బట్టలు, డాబాల మీద నీళ్లట్యాంకులు, ఆడుకుంటున్న పిల్లలు, అంతకంటే అవతల రైలు. రైలు కదులుతోంది గాని చప్పుడు లేదు. దానికి ఆవల నది ఉందని ఆ ఊళ్లో ఇన్నేళ్లూ ఉన్న ఇద్దరికీ తెలుసు గాని, అది అలా వంపు తిరుగుతుందనీ, ఎండలో అంత మెరుస్తుందనీ తెలియదు. పక్షులు కొన్ని వాళ్ల కంటికి కిందుగా ఎగురుతూ పోయాయి. వాటి వీపులు కనబడ్డాయి.

“అమ్మో,” అన్నాడు మేస్త్రి.

ఆ మాట విని ఆమెకి నెలలైంది. విన్న వేలసార్లలో ఒక్కసారైనా ఇలా వినలేదు. ఆమె గోడ వదిలి ఆయన పక్కకి వచ్చి నిలబడింది. కుర్చీ వీపు పట్టుకుంది. చూసింది. నదిని కాసేపు, ఆయన్ని కాసేపు. చిక్కిపోయిన ఆ మొహంలో కళ్లు మాత్రమే మిగిలినట్టున్నాయి, అవి ఉన్నదంతా లోపలికి తీసుకుంటున్నాయి. ఇంత మనిషిని ఇన్నాళ్లూ నేనా దాచి కాపాడింది, అనుకుంది.

“ఎంతుందో,” అన్నాడు. “మనం కూడా దీన్లోనే ఉన్నాం చూడు.”

ముసలావిడ మంచినీళ్లు తెచ్చిచ్చింది. వెళ్లేటప్పుడు కాళ్లు పెట్టుకునే చిన్న పీట ఒకటీ, తన దగ్గర మిగిలిన ఆకుపచ్చ గుడ్డా ఇచ్చి, కుర్చీకి జోడుగా కట్టిపెట్టమంది. తొందరేమీ లేదంది. మేస్త్రి పీటని ఒళ్లో పెట్టుకుని ఉత్త బండిమీద ఇంటికొచ్చాడు.

కొట్టుకి రాగానే ఆయన నడుం వాల్చలేదు. గుడ్డ బల్లమీద పరిచి, పీట కొలిచి, ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ మడవాలో సుద్దముక్కతో గీతలు గీశాడు. ఆయాసం వచ్చినచోట ఆగి, మళ్లీ గీశాడు. “ఇక నువ్వు కుట్టెయ్యొచ్చు,” అని చెప్పి గోడవారగా ఉన్న పొడుగుబల్ల మీద పడుకున్నాడు.

ఆమె గుడ్డ కత్తిరించి మిషను తొక్కడం మొదలుపెట్టింది. మధ్యాహ్నపు ఎండ గుమ్మం దాటి నేలమీద పరుచుకుంది. మిషను చప్పుడులో ఆయనకి ఎప్పుడూ నిద్ర పట్టేది. మూల తిప్పేచోట ఆమె ఆగి, “ఇక్కడ మడత లోపలికా, బయటికా?” అని అడిగింది. జవాబు రాలేదు. మళ్లీ అడిగింది, ఈసారి నెమ్మదిగా.

తల తిప్పకుండానే ఆమెకి తెలిసింది. కాలు మిషను మీదే ఉంది. గీత ఎటు పోతే అటు, మిగిలిన జానెడు కుట్టూ పూర్తిచేసింది. దారం తెంపింది. అప్పుడు లేచి వెళ్లింది.

ఆయన పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. నొసటిమీద ఒక్క ముడత లేదు. ఆమె పక్కన నేలమీద కూర్చుని, ఏడవడం కూడా మరిచిపోయి, చాలాసేపు ఆ మొహం చూసింది. కాసేపటికి చేతులు జోడించింది.

కబురందుకుని కూతురు పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి తలకింద దిండు సర్దడానికి ఆయన తల పైకెత్తినప్పుడు, చెవి వెనకనుంచి ఏదో జారి బల్ల చెక్కమీద టక్కుమని పడింది. కూతురు తీసి కిటికీలో పెట్టింది: ఒక అంచు అరిగిపోయి, రెండో అంచు ఇంకా పదునుగా ఉన్న నీలం సుద్దముక్క.