బావ కోసం ఎంచిన సామాను

టెంట్ల కొట్టాయన దగ్గర వేలు చూపించి సామాను కొనడం కుదిరేది కాదు. మోటార్ సైకిల్ మీద దూరాలు తిరుగుతూ, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ టెంట్ వేసుకుని పడుకునేవాళ్ళే ఆయన గిరాకీ. ఎవరొచ్చినా ముందు బండిని గుమ్మం దాకా తెమ్మనేవాడు. వెనక క్యారియర్ పొడవూ వెడల్పూ కొలిచి, సరిగ్గా అంత గడిని సుద్దముక్కతో కొట్లో నేల మీద గీసేవాడు.

"ఇక మీకేం కావాలో అందులో పెట్టుకోండి," అనేవాడు.

మడత కుర్చీ, పెద్ద లాంతరు, ముగ్గురు పట్టే టెంట్, ఒక్కొక్కటీ గడిలోకి దిగేవి, గీత దాటేవి, మళ్ళీ అల్మరా ఎక్కేవి.

"కుర్చీ ఎందుకండీ, పొద్దస్తమానం కూర్చునేగా వస్తారు. దిగాక కాసేపు నిలబడండి."

వచ్చినవాడు నవ్వి కుర్చీ వదిలేసేవాడు. కుర్చీ మీద వచ్చే లాభం పోయేది. కానీ ఆ మనిషే మరుసటి ఏడు స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చేవాడు. కొట్టాయన లెక్క అది. టెంట్లు ఎవరైనా అమ్ముతారు, ఏది వద్దో చెప్పడమే తన సరుకు.

రోడ్డుకి అవతల ఇవే సామాన్లమ్మే పెద్ద అద్దాల కొట్టు లేచినప్పుడు కూడా ఆయన మరీ బెంబేలు పడలేదు. అక్కడ ప్రతిదీ తనకంటే చవకే. ధర దగ్గర తను ఎలాగూ ఓడిపోతాడు. ఎంపిక దగ్గర మాత్రం ఓడిపోడు. అదీ పోయిన రోజున షట్టర్ దించుకోవడమే. ఆ సంగతి భార్యతో కూడా అనలేదు గానీ, బావతో అన్నాడు.

బావంటే అక్క మొగుడు. వీధి చివర షెడ్డులో బండ్లు బాగుచేస్తాడు. ఏటా ఇద్దరూ రెండు బండ్లేసుకుని ఏదో ఒక దారిన పడి వస్తారు. పెళ్ళైన కొత్తలో బావ ఈ బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని తిప్పాడు. ఆ తిరుగుడు పిచ్చే తర్వాత కొట్టుగా మారింది.

"ఒరేయ్, ఈసారి కొండదారిన పోదాం," అన్నాడు బావ ఒకనాడు కొట్లోకి వచ్చి. "నా సామానంతా చివికిపోయింది. మొత్తం కొత్తది చూడు. తొందరేం లేదు, తీరిగ్గా చూడు."

"ఎవరి టెంట్ వాళ్ళకి తీసుకుందాం బావా. నీ గురకతో ఇన్నేళ్ళు వేగాను, చాలు."

"నా గురక వినబట్టేరా ఏ అడవిపందీ మన దగ్గరికి రాలేదు. ఆ విశ్వాసం కాస్త ఉంచుకో."

కొట్టాయన అంత ఇష్టంగా ఎవరికీ సామాను ఎంచలేదు. బావ కుడి భుజం ఒకప్పుడు గులకరాళ్ళ దారిలో జారిపడి పట్టు తప్పింది. కుడి చెయ్యి ఆన్చి లేవలేడు. ఎడమకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటాడు. మిగతా అందరికీ చిన్నగా చుట్టుకుపోయే సన్నటి మ్యాట్ ఇచ్చే కొట్టాయన, బావకి వెడల్పుది తీశాడు. అది తినేసిన చోటుని స్లీపింగ్ బ్యాగ్ దగ్గర రాబట్టాడు. పల్చటి బ్యాగ్ ఇచ్చి, చలేస్తే స్వెట్టర్ వేసుకునే పడుకోమన్నాడు. టెంట్ ఎడమ పక్క తలుపున్నది. దాని కర్రలు పొడుగ్గా ఉన్నాయని, పొట్టి ముక్కలుగా మడతపడే కర్రల్ని వేరే కంపెనీ టెంట్ నుంచి తీసి దీనికి అమర్చాడు. స్టవ్వు ఎడమ చేత్తో తిప్పగలిగేది. స్టవ్వూ గ్యాస్ డబ్బా గిన్నెలోనే ఇమిడిపోయి, గతుకుల్లో గలగలమనకుండా చుట్టూ గుడ్డ. అన్నీ కుదిరాయో లేదో చూడాలని, కుడి చేతిని తువ్వాలుతో ఛాతీకి కట్టేసుకుని, మేడ మీద ఆ టెంట్లో పడుకుని లేచాడు. బట్టలు ఆరేయడానికి వచ్చిన భార్య చూసి, "ఇదేం వేషం?" అంది.

బావ కూడా ఈసారి వింతగా శ్రద్ధ పెట్టాడు. ఇంతకు ముందు ఏదిస్తే అది కట్టుకుపోయే మనిషి, ఇదే ఎందుకన్నాడు, ఆ పచ్చది ఎందుకు కాదన్నాడు, కర్రలు ఎక్కడ దొరుకుతాయన్నాడు. మర్చిపోతానంటూ ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. ఇన్నాళ్ళకి బావకి తన పని విలువ తెలిసిందని కొట్టాయన లోలోపల పొంగిపోయాడు. రవాణా ఖర్చు కూడా వేసుకోకుండా కొన్న ధరకే ఇచ్చాడు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం షట్టర్ ఎత్తి వెనక్కి తిరిగితే, అద్దాల కొట్లో కొత్త బండి నిలబెట్టి ఉంది. దాని మీద సామాను కట్టి ఉంది. పక్కన పెద్ద బోర్డు: 'అనుభవజ్ఞుడు ఎంచిన పూర్తి సెట్.'

చూద్దామని రోడ్డు దాటాడు. టెంట్ తను ఎంచినదే. తెలివైనవాడెవడైనా ఆ టెంట్ ఎంచగలడు, అనుకున్నాడు. గిన్నెకి గుడ్డ చుట్టి ఉంది. అదీ ఎవరికైనా తడుతుంది. పొట్టి కర్రలు చూసేసరికి ఇంకా దగ్గరికి వంగాడు. ఆపైన వెడల్పు మ్యాట్ కనిపించింది. భుజం బాగున్న మనిషెవడూ ఆ పల్చటి బ్యాగ్‌కి జతగా అంత మ్యాట్ ఎంచడు. అది బావ ఒంటికి కొలిచి కూర్చిన సెట్. దాన్ని ఊరందరికీ అమ్మకానికి పెట్టారు.

"తలుపు ఎడమ పక్కే ఎందుకమ్మా?" అని అక్కడి అమ్మాయిని అడిగాడు.

"అదే సౌకర్యమటండి. మా టూర్ లీడర్ సార్ స్వయంగా ఎంచారు. ఈ సెట్ తీసుకున్నవాళ్ళని కొండల్లోకి ఆయనే తీసుకెళ్తారు."

"ఎవరమ్మా ఆయన?"

ఆ అమ్మాయి గోడ వైపు చూపించింది. ఫొటోలో బావ కొత్త జాకెట్ వేసుకుని నవ్వుతున్నాడు.

కొట్టాయన నేరుగా షెడ్డుకి వెళ్ళాడు. బావ పనిముట్లు పెట్టెలో సర్దుతున్నాడు. ఇతని మొహం చూడగానే తెలిసిపోయింది. తల వంచుకుని ఇంకో స్పానర్ తుడిచాడు.

"వాళ్ళడిగారు, చెప్పాను," అన్నాడు. "సామాను ఎవడైనా కొనచ్చు కదరా. ఆ టెంట్ నువ్వు నేశావా, నువ్వు కుట్టావా?"

"నేయలేదు బావా. ఎంచాను."

"ఆ మాటకొస్తే నాకోసమేగా ఎంచావు. నాది నేను చూపించుకున్నాను."

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేవాడివా?"

కొట్టాయన ఇచ్చేవాడు కాదు. అది ఇద్దరికీ తెలుసు. తెలిసే అడగలేదు బావ. అడగకుండా తీసుకున్నాడు. అదీ ఎలా, కొండదారిన పోదామని ఆశపెట్టి, భుజం చూపించి, పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ.

భోజనం క్యారియర్ పట్టుకుని అక్క వచ్చింది. ఇద్దరినీ చూసి గుమ్మంలోనే ఆగింది.

"నీకూ తెలుసా అక్కా?"

"తెలుసురా," అంది అక్క. "ఆయన భుజం ఇక స్పానర్ పట్టనివ్వదు. వాళ్ళు జీతమిస్తామన్నారు, సామాను వివరాలు చెబితేనే అన్నారు. నీకు చెబితే మొహం మాడ్చుకుంటావని చెప్పలేదు."

"ఇప్పుడేం వెలిగిపోతోందా అక్కా నా మొహం?"

అక్క క్యారియర్ బల్ల మీద పెట్టి మూత సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

"మన ట్రిప్పు మాత్రం ఆగదురా," అన్నాడు బావ, గొంతు మెత్తబరిచి. "వచ్చే వారమే పోదాం. దారి నాకూ ఒకసారి చూసినట్టుంటుంది, తర్వాత జనాన్ని తీసుకెళ్ళడానికి."

ఇంతసేపూ ఎక్కడో కాస్త మిగిలి ఉన్నదేదో ఆ మాటతో తెగిపోయింది. ట్రిప్పు కూడా వాళ్ళ పనిలో భాగమే. తను పెట్రోలు పోసుకుని, తోడు వెళ్ళి, ఎదురు కొట్టుకి దారి వెతికి పెట్టాలన్న మాట. కొట్టాయన అక్కకి ఒక్కదానికే వెళ్ళొస్తానని చెప్పి బయటికి నడిచాడు.

తర్వాత గిరాకీ వేగంగా పడిపోయింది. కొందరు వచ్చి, ఎదురు కొట్టు సెట్ ఫోన్లో చూపించి, ఇదే ఇంకా తక్కువకి ఇస్తారా అని అడిగారు. తన ఎంపికకి తనతోనే బేరమాడుతున్నారు. ఇవ్వలేనన్నాడు. ఇంటికెళ్ళి కొట్టు ఇక నడవదేమోనని భార్యతో మొదటిసారి అన్నాడు. బావ ఊసు ఆమె ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

జనాన్ని వెంటబెట్టుకుని బయల్దేరే ముందు రోజు సాయంత్రం బావ కొట్లోకి వచ్చాడు. కొండల్లో వాన ఉందట. అద్దాల కొట్లో రెయిన్ కోట్లు అయిపోయాయట. ఇబ్బందిగా నవ్వి, కొక్కేలకు వేలాడుతున్న వాటి ముందు నిలబడ్డాడు. రెండు రకాలున్నాయి, నల్లదీ నీలందీ. నల్లది చూడ్డానికి దిట్టంగా ఉంటుంది గానీ, గట్టి వానలో భుజం కుట్టు దగ్గర నీళ్ళు దిగుతాయి. అమ్మిన కంపెనీకి తిప్పి పంపాలని కొట్టాయన పక్కన పెట్టబోతున్నది.

"ఏది తీసుకోనురా?"

అలా అడిగినవాడికి అబద్ధం చెప్పి ఎరగడు కొట్టాయన. బావ మొహం వైపు కాక, చేతి వైపు చూశాడు. ఆ చెయ్యి నల్లదాని మీద ఉంది.

"రెండూ బాగుంటాయి," అన్నాడు.

బావమరిది ఎప్పట్లా ఏదో ఒకటి లాక్కుని, ఇది నీకొద్దు బావా, అంటాడని బావ చూశాడు. కొట్టాయన బిల్లు పుస్తకం తీశాడు. బావ నల్లదాన్ని తీసుకుని, నోటు ఇచ్చి, చిల్లర తీసుకుని మెట్లు దిగాడు.

రోడ్డు మధ్యకు వెళ్ళేదాకా పిలవడానికి వీలుంది. కొట్టాయన బల్ల వెనక నుంచి కదల్లేదు.