పిడికెడు బియ్యం మిషను

ఏసమ్మ ఎవరికైనా మేలు చేస్తే అది నలుగురికీ తెలియాలి. చెడ్డ మనిషి కాదు. దవాఖానలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి, పురుళ్ళు పోయించి, పీనుగులు కడిగి, మొగుణ్ణి మట్టి చేసి, పింఛను మీద ఒంటరిగా బతుకుతున్న మనిషి. అలాంటిదానికి సంఘంలో కాస్త పేరు కావాలనిపిస్తే తప్పేముంది? ఆ పేరు ఎవరి నెత్తిన పడి వస్తున్నదో చూసుకోకపోవడమే ఆమె తప్పు.

హనుమకొండలో ఆమె వెళ్ళే చర్చిలో ఆడవాళ్ళకొక అలవాటుండేది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ కుండ చర్చికి వచ్చేది. వచ్చిన బియ్యమంతా అమ్మి ఒకసారి పైకప్పు రేకులకు, ఒకసారి పాస్టరుగారి సైకిలుకు వాడుకునేవాళ్ళు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం క్రిస్మసు ముందు ఏసమ్మ సంఘంలో లేచి నిలబడి, ఆడవాళ్ళ పొయ్యి దగ్గర పుట్టిన బియ్యం ఒక్క రెండేళ్ళు ఆడవాళ్ళకే ఖర్చు కావాలని అడిగింది. మగవాళ్ళు గొణిగారు గానీ కాదనలేకపోయారు.

అడగడానికి కారణముంది. ఆ రోజుల్లో ఊరికి మట్కా జబ్బు పట్టుకుంది. బొంబాయిలో ఎవడో రోజుకు రెండుసార్లు పేక ముక్కలు తీస్తాడు. ఇక్కడ సుబేదారి వాడ మూలమీద ఒకడు కూర్చుని చీటీలు రాస్తాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె మీద పైసలు పెట్టాలి. అంకె తగిలితే పండగ, తగలకపోతే ఇంట్లో పెళ్ళాం వీపు విమానం మోత. కలలో పాము కనపడితే ఒక అంకె, పిల్లి ఎదురైతే ఒక అంకె. సంఘంలోనే నలుగురు ఆడవాళ్ళ కాపురాలు ఈ అంకెల కింద నలిగిపోతున్నాయి. అందరిలోకీ దీనమ్మది మరీ అన్యాయం. ఆమె భర్త యోసేపు సర్కారు ఆఫీసులో అటెండరు. జీతం తీసుకున్న రోజు సాయంత్రానికి చేతులు దులుపుకుని ఇంటికొచ్చేవాడు. చెవుల కమ్మలు పోయాయి, ఇత్తడి బిందె పోయింది, ఆఖరికి కూతురు కరుణ బడి పుస్తకాలు కూడా పాతపేపర్ల కొట్టుకు పోయాయి.

రెండేళ్ళ బియ్యంతో హసన్‌పర్తిలో ఒక ముసలి దర్జీ దగ్గర కాలుమిషను కొన్నారు. పాతదే అయినా కుట్టు సాఫీగా పడేది. మిషను దీనమ్మది, ఉండేది మాత్రం ఏసమ్మ వాకిట్లో అని ఆడవాళ్ళు కట్టుబాటు చేసుకున్నారు. యోసేపు చేతికి అందనిచోట ఉంటేనే అది మిషను, అందితే అది మరో మట్కా చీటీ అని అందరికీ తెలుసు.

దీనమ్మ పొద్దున వంట చేసి వచ్చి మధ్యాహ్నం మూడింటి దాకా కుట్టేది. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల చొక్కాలు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునే దీనమ్మ మిషను ముందు కూర్చుంటే వేరే మనిషైపోయేది. "నడుం కాడ జర వదులు పెడ్తాన వదినా, ఉతికితే గుంజుకుపోతది" అని బేరాలకు వచ్చినవాళ్ళతో గట్టిగా మాట్లాడేది. కరుణకు మళ్ళీ పుస్తకాలు వచ్చాయి. ఏడో తరగతి దాటి ఎనిమిదిలోకి పోయింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఏసమ్మ ఆ మిషను చూపించి, అది ఎట్లా వచ్చిందో మొదటి నుంచీ చెప్పేది. దీనమ్మ తల వంచుకుని తొక్కుతూ ఉండేది. ప్రతిసారీ ఆ కథ వినడం ఆమెకు ఎట్లా ఉంటుందోనని ఏసమ్మకు తోచనే లేదు.

ఎనభై రెండులో, ఎండలు ముదిరే వేళకు, యోసేపు చర్చికి రావడం మొదలుపెట్టాడు.

ఊరికే రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు బెంచీలో కూర్చుని, జేబులోంచి చిన్న కాగితం, పెన్సిలు ముక్క తీసి రాసుకునేవాడు. మూడు నెలల్లో ఒక్క ఆదివారం తప్పలేదు. వాక్యం చెప్పేటప్పుడు నిద్రపోయే పెద్దల మధ్య రాసుకునే మనిషి కనపడేసరికి పాస్టరు ఆనందరావుగారి ప్రాణం లేచివచ్చింది. "చూడండి, యోసేపును చూసి నేర్చుకోండి" అని పీఠం మీది నుంచే మెచ్చుకున్నాడు. ఏసమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇదంతా మిషను మహిమేనని, అంటే తన మహిమేనని లోలోపల పొంగిపోయింది.

అట్లాంటి ఒక ఆదివారం యోసేపు అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పాడు. పాపినన్నాడు, పెళ్ళాన్ని ఏడిపించానన్నాడు, ఏడ్చాడు. ఏడ్చి, చివరికి ఇట్లా అన్నాడు: "నా ఇంటామె ఇంకొకలింట్ల కూసోని కుడుతాంటే నాకు తల కొట్టేసినట్టున్నది. మిషను నా ఇంటికొస్తే బిడ్డకు గూడ పని నేర్పుకుంటది."

సంఘమంతా స్తోత్రం అన్నది. పాస్టరుగారు ఏసమ్మ వైపు చూశాడు. ఏసమ్మ ఆ చూపు కోసమే పుట్టినట్టు లేచి నిలబడి, "తప్పకుండ ఇస్తమయ్యగారూ" అన్నది. కట్టుబాటు చేసిన ఆడవాళ్ళను అడగలేదు. దీనమ్మను అడగలేదు.

మధ్యాహ్నం దీనమ్మ ఏసమ్మ వాకిట్లోకి వచ్చి మిషను మీద చెయ్యి వేసి నిలబడింది.

"అక్కా, మిషను ఇక్కడనే ఉండనియ్యి."

"ఎందుకే?"

"ఉండనియ్యి అక్కా. నీ కాళ్ళు మొక్కుత."

"యోసేపు మారిండని సంఘమంత అంటాంది. కట్టుకున్నదానివి, నీకే విశ్వాసం లేకపాయె. దేవుడు ఊకుంటడా?"

దీనమ్మ మిషను మీది చెయ్యి తీసేసింది. తెల్లారి రిక్షా తెచ్చారు. మిషనుకు బంతిపూల దండ వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేశాడు, ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. రిక్షా వెనక యోసేపు పెళ్ళికొడుకులా నడిచాడు. ఏసమ్మ వీధి చివరి దాకా పోయి సాగనంపింది.

ఇరవై రెండు రోజులు మిషను ఆ ఇంట్లో ఉన్నది. ఇరవై మూడో రోజు లేదు.

సంగతి చెప్పింది బక్కమ్మ. దీనమ్మ పక్కింటామె, సుబేదారి మూలమీద చాయ్ బండి నడుపుతుంది. మట్కా చీటీలు రాసేవాడు కూర్చునేది ఆమె బండి పక్కనే కాబట్టి, ఎవడి ఇల్లు ఎప్పుడు మునిగిందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నోరు పెద్దది, చర్చి గడప తొక్కని మనిషి. ఏసమ్మను రోడ్డు మీద ఆపి, "మీ దీనమ్మ మిషను పోయింది, ఎరుకేనా? నేను అడ్డం పడ్డ. నన్ను నూకేసి యోసేపు రిక్షాల ఏసుకపోయి మట్కాకు అమ్ముకున్నడు" అన్నది.

ఏసమ్మ నమ్మలేదు. "ఆడుడు బంద్ చేసిండు గదనే బక్కమ్మా! ప్రతి ఆదివారం గుడికొస్తాండు, ముందల కూసోని వాక్యం రాసుకుంటాండు."

బక్కమ్మ ఆమెను వింతగా చూసింది. "వాక్యమా? మీ గోడకు పాటల నంబర్ల బోర్డుంటది గదా, ఆ నంబర్లు రాసుకుంటాండు. మూడంకెలు కూడి, ఆఖరి అంకె మీద పెడ్తాండు. దేవుని నంబరు తప్పదని నా బండి కాడ అందరికీ చెప్తాండాయె. రెండు మూడు సార్లు తగిలింది గూడ. మీకు ఎరుకే అనుకున్న."

ప్రతి ఆదివారం పొద్దున అందరికన్నా ముందు వచ్చి, ఆ రోజు పాడబోయే పాటల నంబర్లు చెక్క బోర్డులో పెట్టేది ఏసమ్మే. పదహారేళ్ళుగా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. చేతులు కడుక్కుని, చీర కొంగుతో అంకెల పలకలు తుడిచి మరీ పెట్టేది. నడిరోడ్డు మీద నిలబడి ఆమె తన చేతుల వైపు చూసుకుంది. కోపం యోసేపు మీద రావాల్సింది. రాలేదు. సిగ్గు వచ్చింది.

తెల్లారి అరకిలో కందిపప్పు పొట్లం పట్టుకుని దీనమ్మ ఇంటికి పోయింది. యోసేపు లేడు. దీనమ్మ గడపలో కూర్చుని, ఎవరో దర్జీ పంపిన జాకెట్లకు చేత్తో హుక్కులు కుడుతోంది. మిషను మీద రోజుకు నాలుగు జాకెట్లు కుట్టిన చేతులకు ఇప్పుడు హుక్కుల కూలి మిగిలింది. కరుణ బడి సంచి మేకుకు వేలాడుతోంది.

"పిల్ల బడికి పోలేదా?" అని అడిగింది ఏసమ్మ.

"సుబేదారిల ఆఫీసరింట్ల బాసన్లు తోమ పోయింది. ఇగ రోజూ పోతది."

ఏసమ్మ నేల మీద కూలబడింది. ఏడుపు ఆపుకోలేక, "ఆయన ఏం రాసుకుంటాండో నీకు ముందే ఎరుకనా దీనమ్మా?" అన్నది.

"ఎరుకే. అంగీ ఉతికేటప్పుడు జేబుల కాగితాలు దొర్కుతుండె. అన్నీ నంబర్లే."

"మరి ఒక్క మాట చెప్తే ఏమాయె?"

దీనమ్మ దారం పళ్ళతో తెంపింది. "చెప్తే నమ్ముతుంటివా అక్కా? ముందటి బెంచీల కూసున్నాయన ఏడుపు చూస్తివి. అయ్యగారు మెచ్చుకునుడు చూస్తివి. నేను మిషను ఉండనియ్యుమని నీ కాళ్ళు మొక్కిన. విశ్వాసం లేదంటివి. ఆ మిషను మీద తొక్కింది నేను. ఇయ్యాల్నా వద్దా అని నన్నెవలు అడిగిండ్రు?"

ఆ మాటల్లో కోపం లేదు. తిట్టి ఉంటే ఏసమ్మ తట్టుకునేది. దవాఖానలో ఎన్ని తిట్లు పడలేదు! ఇట్లా నిదానంగా, సూది గుచ్చుతూ చెబుతుంటే తల ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"తప్పయింది. మళ్ళ బియ్యం జమ చేస్తం. నేనే ఇల్లిల్లు తిరుగుత. రెండేండ్లల్ల ఇంకో మిషను కొంటం, నువ్వు ఫికర్ చెయ్యకు."

"రెండేండ్లకు కరుణ బడి వయసు దాటిపోతది."

ఏసమ్మ మేకుకు వేలాడే బడి సంచి వైపు చూసింది.

"అయినా కొనుండ్రి" అన్నది దీనమ్మ. "నాకు కాకపోతే ఇంకొకామెకైనా పనికొస్తది. కొంటే మాత్రం బక్కమ్మ ఇంట్ల పెట్టుండ్రి."

"బక్కమ్మ ఇంట్లనా?" అన్నది ఏసమ్మ. "ఆమె మన సంఘం కాదు గదనే!"

"అందుకే. ఆమెను మీ అయ్యగారు నిలబెట్టి అడుగడు. ఆమెకు ఎవలు స్తోత్రం చెప్పరు. మిషను తొక్కేటామె వద్దంటే బక్కమ్మ ఎవలకూ ఇయ్యది."

ఏసమ్మ తలూపింది. ఆ తలూపడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తెచ్చిన పొట్లం ఏం చేయాలో తోచక ముందుకు తోసింది. దీనమ్మ ఆ పప్పు మొహాన కొడుతుందేమోనని భయపడింది. కొడితే బాగుండుననీ అనుకుంది. ఏడ్చి కొంత తేలికపడేది.

దీనమ్మ పొట్లం అందుకుని, దారం విప్పి, పప్పు చేటలో పోసి రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది.