రాణిగారి చేతులు

లవీనియాకు చచ్చిపోవడం బాగా అలవాటు. పెళ్ళయిన నాటి నుంచి భర్త వేసే బొమ్మల్లో ఆవిడ నీళ్ళలో పడి చచ్చింది, విషం తాగి చచ్చింది, ప్రియుడి కోసం ఎదురుచూసి చూసి కిటికీ పక్కన చచ్చింది. ఈ ఏడాది రాణిగా చచ్చింది. చలికాలమంతా బల్ల మీద కదలకుండా పడుకోవాలి. గదిలో పొయ్యి ఉంది, బొగ్గూ ఉంది. కానీ మంట వెలుగు పడితే మొహం ఎర్రగా కనిపిస్తుందని భర్త రూపర్ట్ గార్త్ దాన్ని వెలిగించనివ్వడు. చచ్చినదానికి చలేమిటి అని పైగా వేళాకోళం.

రూపర్ట్ మొహాలు బాగా వేస్తాడు, పట్టుబట్టలు ఇంకా బాగా వేస్తాడు. చేతులు మాత్రం ఆయనకు రావు. ఆయన వేసిన వేళ్ళు ఉడికిన ముల్లంగి దుంపల్లా ఉంటాయి. అందుకని ప్రతి బొమ్మలోనూ చేతులు లవీనియా వేస్తుంది. ఈ సంగతి ఏనాడూ ఇంటి గడప దాటలేదు. ఆ విద్య ఆవిడకు ఏ బడీ నేర్పలేదు. బట్టల్లేని మనిషిని చూసి గీయడం ఆడదానికి తగదని చిత్రకళా పాఠశాల తలుపు మూసింది. అదే గదిలో బట్టల్లేకుండా కూర్చోవడానికైతే ఏ ఆడదాన్నీ ఎవరూ వద్దనలేదు. ఎంత సిగ్గులేని నీతో చూడండి! దాంతో ఆవిడ తన ఎడమచేతినే అద్దం ముందు పెట్టుకుని ఏళ్ళ తరబడి గీసుకుంది.

ఈసారి ఆవిడకు సొంత బొమ్మ ఒకటి ఉంది. ఇంట్లో బట్టలుతికే కెజియా, దుప్పటి పిండుతూ పిండుతూ తలెత్తి సూటిగా చూస్తున్న బొమ్మ. లండన్ వేసవి ప్రదర్శనకు బొమ్మలు తీసుకెళ్ళే బండి సోమవారం పొద్దున వస్తుంది. ఫ్రేము లేని బొమ్మను అక్కడ గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారు. లవీనియాకు ఆ భయం లేదు. ఆవిడ తండ్రి ఫ్రేములు చేసేవాడు. ఆయన కన్నుమూసే ముందు కూతురు వేసే బొమ్మకోసమే ఒకటి చేసి, తన చేత్తోనే బంగారు రేకు అతికించి ఇచ్చాడు.

దానికి ముందురోజు, ఆదివారం, ఊళ్ళో చిత్రకారులంతా ఇంటి తలుపులు బార్లా తీసి, పంపబోయే బొమ్మలు పదిమందికీ చూపిస్తారు. ఒకరకంగా పెళ్ళిచూపుల తంతే: టీలు, కేకులు, మొహమాటపు నవ్వులు. లవీనియా కేకుల పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చేసరికి, ఆవిడ నాన్న చేసిన ఫ్రేములో చచ్చిన రాణి దర్జాగా పడుకుని ఉంది. కెజియా బొమ్మను గోడవైపు తిప్పి మూలన పెట్టేశారు.

“ఇదేమిటండీ?” గొంతు తగ్గించి అడిగింది.

“ఆ ఫ్రేములవాడు నాది ఇంకా పంపలేదు లవీ. వెధవ, చివరిదాకా తిప్పాడు. నీ ఫ్రేము అతికినట్టు సరిపోయింది, మన అదృష్టం.”

“మన అదృష్టమా? మరి నా బొమ్మ?”

“వచ్చే ఏడు పంపుదువుగాని. ఎక్కడికి పారిపోతుంది? నా పేరు పైకొస్తే నీకూ గౌరవమేగా. మొహం అలా పెట్టకు, మిసెస్ పెల్హామ్ వచ్చేశారు. వెళ్ళి టీ ఇవ్వు.”

లవీనియా వెళ్ళి టీ ఇచ్చింది.

మిసెస్ పెల్హామ్ ఏటా రూపర్ట్ దగ్గర బొమ్మ కొనే మనిషి. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని రాణి మీదకు వంగింది.

“అబ్బబ్బ, ఏం చేతులండీ! ప్రాణం ఇప్పుడే పోయినట్టున్నాయి. మొహమంటే ఎవరైనా వేస్తారు మిస్టర్ గార్త్, ఇలాంటి చేతులు ఇంగ్లండులో ఇంకెవరు వేస్తారు చెప్పండి?”

గదిలో ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు. రూపర్ట్ వినయంగా తల వంచి మీసం దువ్వుకున్నాడు. “ఆ వేళ్ళ కోసం రాత్రింబవళ్ళు కష్టపడ్డానండీ,” అన్నాడు.

హవ్వ! పక్కనే ఉన్న పెళ్ళాం వంకైనా చూడకుండా అన్నాడా మాట! లవీనియాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టీ కెటిల్ కింద పెట్టి, అరలోంచి రంగు తుడిచే టర్పెంటైన్ గుడ్డ తీసుకుని, తిన్నగా రాణి దగ్గరికి నడిచింది. మొన్న శుక్రవారమే ముగించిన రంగు, ఇంకా పచ్చి ఆరలేదు. రుద్ది తుడిచేసరికి రాణిగారి చేతులు పోయి బూడిదరంగు మరక మిగిలింది.

ఎవరో కెవ్వుమన్నారు.

“నీకేమైనా పిచ్చెక్కిందా!” రూపర్ట్ అరిచాడు.

“రాత్రింబవళ్ళు కష్టపడ్డారుగా, ఇంకొక్కసారి పడండి. ఇంతమంది చూస్తున్నారు. రెండు చేతులూ అక్కర్లేదు, ఒక్క బొటనవేలు వెయ్యండి. వేస్తే ఆ ఫ్రేము మీకే వదిలేస్తాను.”

రూపర్ట్ కుంచె పట్టుకున్నాడు. రంగు కలిపాడు. బొమ్మదాకా తీసుకెళ్ళి ఆగాడు. మళ్ళీ రంగు కలిపాడు. చివరికి “ఈ వెలుగు బాలేదు,” అని గొణిగాడు. మిసెస్ పెల్హామ్ ఆయన వంక ఒకసారి, లవీనియా వంక ఒకసారి చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు బండిలో నాన్న ఫ్రేముతో కెజియా బొమ్మే వెళ్ళింది. దాన్ని ప్రదర్శనకు తీసుకున్నారు కూడా. తీసుకుని, మెడ విరిగేలా చూస్తే తప్ప కనపడకుండా ద్వారబంధం పైన ఎక్కడో తగిలించారు. అయినా పేపర్లో బొమ్మల గురించి రాసేవాడి కళ్ళలో పడింది. ప్రదర్శన మొదలైన వారం లవీనియా పేపరు పట్టుకుని పరుగున బట్టలుతికే గదిలోకి వచ్చి కెజియాకు చదివి వినిపించింది.

“‘శ్రీమతి గార్త్ చిరుప్రయత్నం ముచ్చటగానే ఉన్నది. అయితే ఆ పనిమనిషి చేతులు స్త్రీ వేయగలిగినవి కావు. అక్కడ భర్తగారి కుంచె సాయపడిందని ఇట్టే తెలిసిపోతున్నది.’”

కెజియా దుప్పటి తొట్టిలో పడేసింది. “వీడి నోట్లో సబ్బునీళ్ళు పొయ్యా! చేతులు నావి, వేసింది మీరు. మధ్యలో అయ్యగారు ఎక్కణ్ణించి ఊడిపడ్డారమ్మా?”

లవీనియా పేపరు మడిచింది. పైకి వెళ్ళి టోపీ పెట్టుకుని, రంగుల పెట్టె చంకన పెట్టుకుని దిగివచ్చింది.

“ఎక్కడికమ్మగారూ?”

“పేపరాఫీసుకి. ఈ ముక్క రాసినాయన చెయ్యి బల్ల మీద పెట్టించి, ఆయన కళ్ళముందే వేస్తాను. అప్పుడు రాయమను ఎవరు వేశారో.”

“రానివ్వకపోతే?”

“అందుకే నువ్వూ రా. తలుపు బాదడానికి నీ చెయ్యి గట్టిది.”