సొరుగులో ఉండిపోయిన తమ్ముడు

ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న ఆవిడను ప్రెస్సులో అందరూ డేగకన్ను అంటారు. ఆ డేగకన్నే ఆ ఉదయం తన సొరుగు అడుగున పరిచిన పాత కాగితాలు మార్చబోయి, చేతిరాతలో ఉన్న పేజీ ఒకటి చూసి, సగం చదివేసరికి కుర్చీలో కూలబడింది. అది రెండు వందల పదకొండో పేజీ.

ఇరవై ఏళ్ళ క్రితం నాటి హత్యల నవల అది. రెండు వందల పదో పేజీలో, చేయని హత్యకు తమ్ముడికి ఉరిశిక్ష పడుతుంది. ఆ తర్వాతి పేజీలో అన్న నేరం ఒప్పుకుంటాడు. ఆ పేజీ కాస్తా సొరుగులో ఉండిపోయి, పుస్తకం ఉరిశిక్షతోనే ముగిసింది. గుండె పిండేసే ముగింపని పాఠకులు నెత్తిన పెట్టుకున్నారు. తొమ్మిదో ముద్రణ ఈ మధ్యాహ్నమే మెషీనెక్కబోతోంది.

అమాయకుణ్ణి ఎనిమిదిసార్లు ఉరి తీశానా అనుకోగానే, పాపం, ఆవిడకు ఏడుపుకంటే నవ్వే ముందొచ్చింది. రచయితకు ఫోన్ చేస్తే ఆయన ఆదరాబాదరాగా వచ్చాడు.

"సార్, మీ నవల్లో తమ్ముణ్ణి చంపింది నేనే" అంటూ పేజీ చేతిలో పెట్టింది.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "పేజీ పోయిందని నాకు మొదటి రోజే తెలుసమ్మా. చెబుదామనే బయల్దేరాను. దారిలో ముగ్గురు ఆపి ముగింపు అద్భుతమన్నారు. నాలుగోవాడు కూడా ఆపేసరికి వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోయాను."

తోడుదొంగ దొరికాడని ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మెషీనతను తొంగిచూసి, వీళ్ళకేదో అయిందని వెళ్ళిపోయాడు.

"మరి మనకేం శిక్ష?" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

"ఈ పేజీ వేయడమే."

ఆయన నవ్వు ఆగిపోయింది. "జనం ఊరుకుంటారా? ముసలాడికి మతిపోయి బంగారంలాంటి ముగింపు చెడగొట్టాడంటారు."

"అననివ్వండి. శిక్షంటే మరి ముద్దు చేస్తారా? పేజీ నా సొరుగులోనే పడుందని కింద నా సంతకంతో వేయిస్తాను. నా డేగకన్ను కూడా నేటితో సరి."

ఆయన పేజీ తిరిగి ఆవిడ చేతికిచ్చి, "కానివ్వండి" అన్నాడు.

మధ్యాహ్నం మెషీను కదిలింది. మొదటి కాగితం చేతికి రాగానే, ఉదయం సగంలో ఆపేసిన పేజీని ఆవిడ హుషారుగా పైకి చదవడం మొదలుపెట్టింది. అన్న ఒప్పుకున్నాడు. జైలు తలుపు తెరిచారు. తమ్ముడు నడుచుకుంటూ ఇంటికొచ్చి, గుమ్మంలో ఎదురుచూస్తున్న తల్లితో, "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

అక్కడ ఆవిడ చదవడం ఆపేసింది. ఇరవై ఏళ్ళుగా ఆ తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉందన్న సంగతి అంతవరకూ ఆవిడకు తట్టనేలేదు.